నైరుతి గోడకి అవతల

2005, ఆషాఢ మాసం. అమీర్‌పేటలో మా ఆఫీసు అంటే ఒక్క గది. కింది అంతస్తులో కంప్యూటర్ కోర్సులు నేర్పే ఇన్‌స్టిట్యూట్, పై అంతస్తులో అబ్బాయిల హాస్టల్, మధ్యలో నేను. మెట్లెక్కే ప్రతి కుర్రాడూ నా బోర్డు మీద ‘సివిల్ ఇంజనీర్’ అన్న మాట చదివి, జాలిపడి పైకి వెళ్లేవాడు. ఒకడైతే లోపలికే వచ్చి, “ఇప్పటికైనా మించిపోయింది లేదు మేడం, టెస్టింగ్ నేర్చుకోండి” అని సలహా ఇచ్చాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. “నువ్వు నేర్చుకున్నాక కూర్చోడానికి ఒక బిల్డింగ్ కావాలి కదా నాయనా, అది నీ నెత్తిన పడకుండా చూసే పని నాది” అని పంపించేశాను.

నిజానికి నేను కట్టిన పెద్ద బిల్డింగులేమీ లేవు. పెద్ద కాంట్రాక్టర్లు ముట్టుకోని పనులే నావి. కారే శ్లాబులు, పగుళ్లిచ్చిన గోడలు, కుంగిన మెట్లు. నాతో ఖాజా భాయ్ ఉండేవాడు. మాసబ్ ట్యాంక్ మనిషి, రాతి పనిలో తలపండిన మేస్త్రి. చెయ్యి ఎంత నెమ్మదో నోరు అంత దురుసు. మా ఇద్దరికీ రోజుకొకసారైనా గొడవ జరిగేది, కానీ గోడ దగ్గరికొచ్చేసరికి ఇద్దరి మాటా ఒక్కటయ్యేది.

ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేసింది సరళ గారు. పంజాగుట్టలో మెయిన్ రోడ్డు వెనక సందులో, సొంతింట్లోనే క్రెష్ నడుపుతారు. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఆఫీసులకి పోయే సంసారాలు పెరుగుతున్న రోజులవి. పొద్దున్నే పిల్లల్ని పాలసీసాలతో సహా ఆవిడకి అప్పగించి, చీకటి పడేవేళకి వచ్చి తీసుకెళ్లేవారు.

“వసుధ గారూ, మా పెరట్లో పిట్టగోడ మీద రెయిలింగ్ వేయాలి. నిన్న ఒక బాబు గోడెక్కి కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే వాళ్లమ్మ వచ్చింది. ఒక్కరు మానిపిస్తే చాలండీ, అందరూ మానిపిస్తారు. మీరు ఇవాళే రావాలి” అన్నారు. ఆవిడ గొంతులో వణుకు ఫోన్‌లోనే తెలిసింది.

పంజాగుట్ట పేరులోనే గుట్ట ఉంది. అక్కడి ఇళ్లన్నీ ఎక్కడో ఒకచోట వాలు మీదే ఉంటాయి. సరళ గారి ఇల్లు సందు వైపు ఎత్తులో ఉంది, వెనక స్థలం పల్లానికి జారుతుంది. ఆ జారుడును ఆపడానికి పాతకాలంలోనే రాతితో ఒక రిటైనింగ్ వాల్ కట్టారు. వెనకున్న మట్టి కిందికి రాకుండా వీపు ఆనించి నిలబడే గోడన్నమాట. నేను వెళ్లేసరికి ఆ రాతిగోడ మీద ఇటుకలతో ఇంకో మనిషెత్తు లేపి ఉంది. దాని లోపల మట్టి నింపి, పెరడును చదునుగా చేశారు. జారుడుబండ, ఉయ్యాలలు, ఇసక గుంట, అన్నీ ఆ కొత్త మట్టి మీదే ఉన్నాయి.

“అంతా నేను చేయించిందేనమ్మా” అన్నారు ప్రసాదరావు గారు. సరళ గారి భర్త. విజయవాడ వైపు నుంచి వచ్చి, ఇక్కడ రెండు వ్యాపారాలు పెట్టి రెండింట్లోనూ చేతులు కాల్చుకున్న మనిషి. “ఈ ఇంటికి నైరుతి పల్లం. వాస్తు చూసినాయన గుమ్మంలోనే చెప్పాడు, యజమాని నిలవడు అని. ఎత్తు చేయించాకే ఈ క్రెష్ నిలదొక్కుకుంది.”

నమ్మకాల జోలికి నేను పోను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది నైరుతి ఎత్తు చేయమనే వస్తారు. చేయండి, కాకపోతే ఆ ఎత్తును మోసేదేమిటో ముందు చూసుకోండి, అంతవరకే నా వాదన.

ఖాజా భాయ్ టేపు తీసి కొలతలు మొదలుపెట్టాడు. జారుడుబండ వెనక నలుగురైదుగురు పిల్లలు బోర్లా పడుకుని నేలలోకి గులకరాళ్లు వేస్తున్నారు. వాళ్లలో ఒకడు నా చీర చెంగు లాగి, “ఆంటీ, చెవి పెట్టు. రాయి లోపలికి పోతూనే ఉంటుంది” అన్నాడు. నిన్న గోడెక్కింది వాడే. పేరు సన్నీ. నేను వంగి చూశాను. నేలలో ఒక పగులు, గోడకి సమానంగా, పెరడు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంది. దీన్ని టెన్షన్ క్రాక్ అంటాం. గోడ బయటికి ఒరుగుతుంటే దాని వెనక మట్టి నేల నుంచి విడిపోయి ఇలా నోరు తెరుస్తుంది. సన్నీ వేసిన రాయి చప్పుడు నాకు వినపడనే లేదు.

“పిల్లల్ని లోపలికి తీసుకెళ్లండి” అన్నాను. సరళ గారు ఎందుకని అడగబోయి, నా మొహం చూసి మానేశారు. వెళ్తూ వెళ్తూ సన్నీని అడిగాను, నిన్న గోడ ఎందుకెక్కావని.

“చిన్నీకి బిస్కెట్ ఇవ్వడానికి.”

“చిన్నీ ఎవరండీ?” అని అడిగితే సరళ గారు తేలిగ్గా నవ్వారు. “ఆ పేరుగల పిల్ల మా దగ్గర లేదండీ. ఈ వయసులో ఊహల్లో స్నేహితులుంటారు కదా.”

గోడను కింది నుంచి చూడకుండా నేను ఏ మాటా చెప్పను. సందు చుట్టూ తిరిగి, ఖాజా భాయ్‌తో కలిసి కింది స్థలానికి వెళ్లాను. ఈ వేసవి దాకా ఖాళీగా ఉన్న ఆ స్థలంలో అపార్ట్‌మెంట్ సెల్లార్ కోసం తవ్వకం మొదలైంది. గొయ్యి గోడ పాదం దగ్గరి దాకా వచ్చేసింది. గోడకీ గొయ్యికీ మధ్య మిగిలిన కాస్త జాగాలో రేకుల గుడిసెలు వరసగా ఉన్నాయి. పాలమూరు నుంచి వచ్చిన కూలీలవి. మూడు వైపులా రేకులు, నాలుగో వైపు మన రాతిగోడ. ఒక వైపు గోడ ఉచితంగా దొరికితే ఎవరు వదులుకుంటారు?

మొదటి గుడిసె ముందు ఒకామె బియ్యం ఏరుతోంది. పేరు అంజమ్మ. లోపల చీరతో కట్టిన ఉయ్యాలలో పసిబిడ్డ నిద్రపోతోంది. ఉయ్యాల కింద నాలుగేళ్ల పిల్ల, చెయ్యి విరిగిన బొమ్మని, పసుపుపచ్చ ప్లాస్టిక్ బకెట్‌ని, రెండు బంతుల్ని ముందు పెట్టుకుని కూర్చుంది. బకెట్ మీద క్రెష్ పేరున్న స్టిక్కర్ ఉంది.

“నీ పేరేంటమ్మా?”

“చిన్నీ.”

మేం పొద్దుటినుంచీ కొలుస్తున్నదంతా పైనున్న పిల్లలు కింద పడకుండా ఎలా అనే. కింద ఉన్నవాళ్ల మీద పై నేలంతా పడితే ఏమిటన్నది ఆ ఇంట్లో ఎవరి తలపులోనూ లేదు, ఎందుకంటే అక్కడ పిల్లలున్నారనే వాళ్లకి తెలియదు.

ఖాజా భాయ్ గుడిసె లోపలికి తల పెట్టి, గోడ మీద అరచెయ్యి ఆనించాడు. గోడ నడిమి భాగం ఉబ్బి ఉంది. మేస్త్రీలు దాన్ని పొట్ట అంటారు.

“గోడ సల్లగుంటదమ్మా” అంది అంజమ్మ, మేం ఇల్లు చూడ్డానికి వచ్చామనుకుని. “ఎండకాలం మంచిగుండె. గీ నాలుగు దినాల సంది చెమట పడుతున్నది. పొయ్యి సుత అంటుకుంటలేదు.”

చెమట ఎక్కడిదో చూస్తే తెలిసింది. పాత రాతిగోడ అడుగున వరసగా గుండ్రటి సిమెంటు బిళ్లలున్నాయి. అవి వీప్ హోల్స్ ఉండాల్సిన చోట్లు. వాన నీరు మట్టిలో ఇంకి గోడ వెనక నిలిచిపోకుండా, బయటికి పోవడానికి వదిలే కంతలు అవి. తడి లేని మట్టిని మోయడం ఒక ఎత్తు, నీళ్లు తాగిన మట్టిని మోయడం ఇంకో ఎత్తు. అన్ని కంతలూ ఎవరో పనిగట్టుకుని పూడ్చేశారు.

ఎందుకు పూడ్చారని పైకి వెళ్లి ప్రసాదరావు గారిని అడిగితే ఆయన దాపరికం లేకుండా చెప్పారు. “నైరుతి నుంచి నీళ్లు బయటికి పోకూడదమ్మా. ఎత్తు చేసినప్పుడే మూయించేశాను.”

“నీళ్లు పోకపోతే గోడ పోతుందండీ. కింద జనం ఉన్నారు. ఇవాళే ఏదో ఒకటి చేయాలి.”

“ఆషాఢంలో ఇంటి గోడ ముట్టుకుంటారా ఎవరైనా? శ్రావణం రానివ్వండి, మీరు చెప్పినట్టే చేద్దాం.”

“గోడకి ఆషాఢం తెలియదండీ” అన్నాను. నా గొంతు లేచిన మాట నిజమే. ఆయన నొచ్చుకున్నారు. ఫోన్ తీసి వాస్తు ఆయనకి చేయడం మొదలుపెట్టారు. అటువైపు ఎంతసేపటికీ బిజీగానే ఉంది.

అప్పటికే మబ్బు పట్టింది. మధ్యాహ్నమే గదుల్లో లైట్లు వేసుకోవలసి వచ్చింది. ఖాజా భాయ్ గునపం పట్టుకుని, “పోయి ఆ బిళ్లలన్ని కొట్టేస్త మేడం” అన్నాడు. వద్దన్నాను. పొట్ట వచ్చిన గోడ ముందు నిలబడి సుత్తి వేయడమంటే చావు కొనితెచ్చుకోవడమే. గోడ కొసన, ఇంటి పునాదితో కలిసే మూలలో మాత్రం గోడ గట్టిగా ఉంది. అక్కడి కంత ఒక్కటి, పక్క నుంచి, పొడవాటి గునపంతో తెరవొచ్చు. లోపల ఎంత నీరుందో దాన్నిబట్టి తెలుస్తుంది.

“తెరవమంటారా?” అని సరళ గారిని అడిగాను. ఆవిడ భర్త వైపు చూశారు. ఆయన ఇంకా ఫోన్ నొక్కుతున్నారు.

“తెరవండి. ఆయనకి నేను చెప్పుకుంటాను” అన్నారావిడ.

బిళ్ల పగలగానే నీళ్లు ఖాజా భాయ్ మోకాళ్ల మీదికి చిమ్మాయి. ఎర్రటి నీళ్లు. అవి తేటగా వచ్చుంటే నేను కాస్త ఊపిరి పీల్చుకునేదాన్ని. ఎర్రగా వస్తున్నాయంటే లోపల మట్టి కూడా కరిగి వస్తోందని అర్థం. పిట్టగోడ మీది నుంచి చూస్తున్న ప్రసాదరావు గారు ఫోన్ జేబులో పెట్టేసుకున్నారు. అదే నిమిషంలో వాన మొదలైంది.

నేను తవ్వకం సూపర్‌వైజర్ దగ్గరికి పరిగెత్తాను. జేసీబీతో మట్టి తెచ్చి గోడ పాదానికి గట్టుగా పోయమని అడిగాను. పాదం కదలకుండా ఉంటే గోడ ఇంకొన్ని గంటలు ఆగుతుంది.

“తవ్విన మట్టి మల్ల పోసుడా? సార్‌ను అడగాలె మేడం. సార్ ఫోన్ ఎత్తుతలేడు.”

“కనీసం గుడిసెలు ఖాళీ చేయించు.”

“గది సుత సార్‌నే అడగాలె.”

ఆ రోజు పక్కనే బల్కంపేటలో ఎల్లమ్మ జాతర, రోడ్లన్నీ జనం. వాన తోడైంది. సార్ ఏ ట్రాఫిక్‌లో ఉన్నాడో, ఎప్పటికి ఫోన్ ఎత్తుతాడో. ఇక ఆ గోడను ఎవరూ ఆపలేరని నాకు అర్థమైంది. మనుషుల్ని తీయడం ఒక్కటే మిగిలింది.

వానకి పని ఆగిపోయి కూలీలంతా గుడిసెల్లో చేరారు. అంటే ఉండకూడని సమయంలో అందరూ అక్కడే ఉన్నారు. నేను కేకలేశాను, బతిమాలాను. మిగతా గుడిసెలవాళ్లు అంజమ్మ వైపు చూస్తున్నారు. ఆ వరసలో ఆమె మాటే చెల్లుతుందని తెలుస్తూనే ఉంది.

“యాడికి పోవాలమ్మా?” అంది ఆమె. “పోయినేడు ఇంకో సైట్ల గిట్లనే లెవ్వమన్నరు. లేసి పోయినం. మల్లొచ్చేసరికి మా జాగల వేరేటోళ్లను వెట్టిన్రు. పని సుత పాయె.”

నా కోపం ఆ సమయంలో ఎందుకూ పనికిరాలేదు. గోడలో ఎక్కడో ఇటుక చిట్లిన శబ్దం వచ్చింది. ఖాజా భాయ్ నా వైపు చూశాడు. ఆయన మొహంలో భయం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

ఆ వానలో గొడుగేసుకుని సరళ గారు కిందికి వచ్చారు. సందులో నీళ్లు పారుతున్నాయి, చెప్పులు చేతిలో పట్టుకున్నారు. వంగి గుడిసెలోకి చూశారు. ముందు ఆవిడ కళ్లు పసుపుపచ్చ బకెట్ మీద పడ్డాయి, తర్వాత దాన్ని కావలించుకున్న పిల్ల మీద.

“ఇది నీకెవరిచ్చారమ్మా?”

“సన్నీ ఇచ్చిండు” అంది చిన్నీ, ఎక్కడ లాక్కుంటారోనని వెనక్కి జరుగుతూ.

సరళ గారు గొడుగు నా చేతిలో పెట్టి, గుడిసెలోకి వెళ్లి, ఉయ్యాలలోని బిడ్డని ఎత్తి భుజాన వేసుకున్నారు. “మా ఇంటికి రండి. అందరూ రండి. అన్నం వండిస్తాను.”

“మా జాగ పోతేనమ్మా?” అంది అంజమ్మ, బిడ్డ కోసం చేతులు చాస్తూ.

“జాగా పోతే మా ముందు గదిలో ఉందువుగాని. పిల్ల నా దగ్గరే ఉంటుంది, ఇక నీ ఇష్టం” అని ఆవిడ వెనక్కి తిరిగి నడిచారు. ఏ తల్లి మాత్రం ఆగుతుంది? అంజమ్మ చిన్నీ చెయ్యి పట్టుకుని పరిగెత్తింది. ఆమె కదిలాక ఆ వరసలో ఒక్కరూ ఆగలేదు.

అందరూ వచ్చేశారనుకున్నాను. లెక్క చూసుకుంటే అంజమ్మ భర్త నర్సింలు లేడు. బియ్యం సంచి మర్చిపోయానని వెనక్కి వెళ్లాడట. ఖాజా భాయ్ నేను ఆపేలోపే వెళ్లిపోయాడు. గుడిసెల వరస కొసన ఇద్దరూ పెనుగులాడుతూ కనిపించారు. ఒకరు సంచిని లాగుతున్నారు, ఇంకొకరు సంచి పట్టుకున్న మనిషిని. “సావనీకి పుట్టినవా? బియ్యం నేనిస్త, రా” అని ఖాజా భాయ్ అరుస్తున్నాడు. నేను దేవుణ్ణి పెద్దగా తలుచుకునే మనిషిని కాదు. ఆ రెండు నిమిషాలూ తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

వాళ్లు బయటపడి నా దాకా వచ్చారు, అంతే. గోడ కూలినప్పుడు పెద్ద చప్పుడేమీ కాలేదు. తడిసిన బస్తా భుజం మీంచి దించినట్టు ఒక బరువైన శబ్దం, ఆ తర్వాత రేకులు నలిగిన మోత. జారుడుబండ మట్టితో పాటు కిందికి వచ్చి, అంజమ్మ గుడిసె ఉన్న చోట పక్కకి ఒరిగి ఆగింది. నర్సింలు బియ్యం సంచి నేల మీద పెట్టి దాని మీదే కూర్చుండిపోయాడు. ఖాజా భాయ్ తిట్లు మానేసి అతని పక్కనే కూలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

పైన ముందు గదిలో పిల్లలంతా చాపల మీద వరసగా కూర్చుని ఉప్మా తింటున్నారు. సన్నీ పక్కన చిన్నీ. ప్రసాదరావు గారు వంటింటికీ గదికీ మధ్య నీళ్ల గ్లాసులు మోస్తున్నారు. ఆయన ఎవరి కళ్లలోకీ చూడ్డం లేదు. పొద్దుపోయాక, వానలో నిలువునా తడిసి మొదటగా వచ్చింది సన్నీ వాళ్లమ్మే. ఆవిడ చిన్నీ వైపు, ఆ పిల్ల మట్టి కాళ్ల వైపు, గుమ్మం దగ్గర బిడ్డకి పాలిస్తున్న అంజమ్మ వైపు చూసింది.

“కొత్త అడ్మిషన్లా మేడం?”

ఒక్కరు మానిపిస్తే అందరూ మానిపిస్తారని పొద్దున ఫోన్‌లో చెప్పింది సరళ గారే. ఇప్పుడు ఆవిడ గొంతులో వణుకు లేదు.

“అవునండీ. ఇవాళే చేరారు.”

సన్నీ వాళ్లమ్మ వాడి మూతి తుడిచి, బ్యాగు తగిలించుకుని, “రేపు కొంచెం ముందు దింపుతానండీ” అని వెళ్లింది. ఇంకో ఇద్దరు తల్లులు మాత్రం ఆ నెలలోనే పిల్లల్ని మానిపించారు. ఆ సంగతి కూడా చెప్పాలి.

అపార్ట్‌మెంట్‌వాళ్లు గుడిసెల్ని స్థలానికి అటువైపు వేయించారు. ఆ బిల్డింగ్‌కి శ్లాబు పడేదాకా చిన్నీ పగలంతా క్రెష్‌లోనే ఉండేది. పెరడును మేం రెండు మెట్లుగా చేశాం, ఏ మెట్టూ పిల్లల నడుము ఎత్తు దాటకుండా. అంచున జాలీ కంచె, గోడ వెనక కంకర, అడుగున పైపులు. నైరుతి మళ్లీ పల్లమైంది. కంతలు ఎక్కడెక్కడ పెట్టాలో సుద్దతో గుర్తులు పెడుతుంటే ప్రసాదరావు గారు వచ్చి వెనక నిలబడ్డారు. ఏమంటారోనని నేను కాచుకున్నాను.

“నీళ్లు పోనివ్వండమ్మా” అన్నారాయన. “కానీ కింద ఎవరింట్లోకీ పోకుండా చూడండి.”

పిల్లలకి భద్రంగా చేయండి అంటూ నన్ను పిలిచేవాళ్లు ఇప్పుడూ ఉన్నారు. వాళ్లు పెరట్లోకి తీసుకెళ్లి రెయిలింగ్ ఎంత ఎత్తు పెడదామని అడుగుతారు. చెప్తాను ఆగండి అని నేను బయటికొచ్చి, సందు తిరిగి, గోడ అవతలికి వెళ్తాను. కొందరు విసుక్కుంటారు. ఒకాయనైతే, “పని మా ఇంట్లో అయితే మీరక్కడికెందుకు మేడం?” అని నా వెనకే నడుచుకుంటూ వచ్చాడు. నేను ఆ గోడ నీడలో కూర్చున్న మనిషి దగ్గరికి వెళ్లి, ఇక్కడ ఎవరెవరు పడుకుంటారమ్మా అని అడిగాను.